అప్‌డేట్: బెనువా, ఫెనువా రెండూ ఒకే మాట

మలేషియా వాళ్ల మలయ్‌లో బెనువా అంటే ఖండం, న్యూజిలాండ్ ఆదివాసుల భాష మావోరీలో ఫెనువా అంటే నేల, రెండూ ఒకటేనా అని అడిగాను కదా, ఒకటే. ఈ భాషలన్నిటికీ తల్లి అయిన మలయో-పాలినేషియన్ మూలభాషలో ‘బనువా’ అంటే ఒక జనం బతికే చోటు, అక్కడి చెట్టూ చేమా అన్నీ కలిపి. ఇండోనేషియాలోని తొరాజా భాషలో అది ఇల్లయింది, ఫిలిప్పీన్స్ భాష హిలిగైనాన్‌లో ‘బన్వా’ అంటే ఊరు, ఫిజీ ‘వనువా’లో నేలతో పాటు ఆ నేల మనుషులూ ఉంటారు. 1980లో స్వతంత్రమైన పసిఫిక్ ద్వీపదేశం వనువాటు పేరులోనూ ఇదే.

నన్ను కదిలించింది మాత్రం మావోరీ మాటే. ఫెనువా అంటే మావి (కడుపులో బిడ్డను అంటిపెట్టుకుని ఉండే మాయ) కూడా! బిడ్డ పుట్టాక దాన్ని సొంత నేలలో పాతిపెడతారు, అంటే ఫెనువాను ఫెనువాకే అప్పజెప్పడం. నాయనమ్మకు ఫోన్ చేసి చెప్తే, ‘మీ నాన్నదీ మన పెరట్లోనే పాతాం రా’ అంది.