రగ్బీలో అన్ని కాలాలకూ గొప్ప జట్టు న్యూజిలాండా, దక్షిణాఫ్రికానా?

చంద్రగిరి కోట:
నిన్న సాయంత్రం ఎస్వీ యూనివర్సిటీ మైదానంలో నడుస్తూ మిత్రులతో మొదలైన వాదన ఇంకా తెగలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. రగ్బీ యూనియన్‌లో, అంటే జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీలో, అన్ని కాలాలకూ గొప్ప జాతీయ జట్టు న్యూజిలాండ్ అని నా దృఢమైన అభిప్రాయం. నూరేళ్లకు పైగా టెస్టులు (దేశాల జట్ల మధ్య ఆటలు) ఆడుతూ, వాటిలో నాలుగింట మూడు వంతులకు మించి గెలిచిన పెద్ద జట్టు మరొకటి లేదు. ఆ దేశ జనాభా చూస్తే 50 లక్షల చిల్లర. రిచీ మెకా నాయకత్వంలో 2011, 2015 ప్రపంచ కప్పులు వరుసగా గెలిచారు. అంతకు ముందు అలా ఎవరూ గెలవలేదు. ఆక్లండ్‌లోని ఈడెన్ పార్క్‌లో 1994లో ఫ్రాన్స్ చేతిలో ఓడాక మూడు దశాబ్దాల పాటు అక్కడ వారిని ఎవరూ ఓడించలేకపోయారు.

పలమనేరు పెద్దన్న:
తమ్ముడూ, ఏడాది పొడవునా తరగతిలో మొదటివాడుగా ఉండి పరీక్ష రోజున తడబడేవాడిని ఏమంటారు? వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికాను 1987, 1991 కప్పుల్లో ఆడనివ్వలేదు. ఆ తర్వాత ఆడిన ఎనిమిదింటిలో నాలుగు గెలిచింది. న్యూజిలాండ్ పదీ ఆడి మూడు గెలిచింది. ఈ రెండు జట్లే తలపడిన 2023 ఫైనల్ రాత్రి మనకు చంద్రగ్రహణం. కొండ మీద గుడి తలుపులు మూసి ఉన్నాయి, మా ఇంట్లో అందరూ పొద్దుండగానే తిని పడుకున్నారు. పన్నెండున్నరకు మొదలైన ఆటను నేనొక్కడినే దుప్పట్లో ఫోను పెట్టుకుని చూశాను. దక్షిణాఫ్రికా ఆటగాడు పీటర్-స్టెఫ్ డు టోయిట్ ఆ ఒక్క ఆటలో 28 సార్లు ప్రత్యర్థులను పడగొట్టాడు. క్వార్టర్ ఫైనల్ 29-28, సెమీ ఫైనల్ 16-15, ఫైనల్ 12-11. మూడుసార్లూ ఒక్క పాయింటు తేడాతో నిలబడటానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

కాణిపాకం:
1970ల వేల్స్‌ను ఎవరూ తలచుకోరేమి? గారెత్ ఎడ్వర్డ్స్, బ్యారీ జాన్ ఆడిన జట్టు అది.

శ్రీకాళహస్తి:
ఆ వేల్స్ కూడా న్యూజిలాండ్‌ను ఓడించలేదు. 1953 తర్వాత వారికి ఆ గెలుపు దక్కనే లేదు.

చంద్రగిరి కోట:
అన్నా, ఆ 12-11 గురించి చెప్పి అసలు సంగతి వదిలేశారు. న్యూజిలాండ్ నాయకుడు సామ్ కేన్‌కు మొదటి అర్ధభాగంలోనే రెడ్ కార్డు పడింది. పురుషుల ప్రపంచ కప్ ఫైనల్‌లో రెడ్ కార్డు పడటం అదే మొదటిసారి. యాభై నిమిషాలకు పైగా 14 మందితో ఆడి, ఆ ఫైనల్‌లో నమోదైన ఒకే ఒక్క ట్రైని (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు ఆనించి తెచ్చే స్కోరు) కూడా వారే సాధించి, ఒక్క పాయింటుతో ఓడారు. పదిహేను మంది ఉండి ఉంటే ఏమయ్యేదో మీకూ తెలుసు.

పలమనేరు పెద్దన్న:
కార్డు నియమం ప్రకారమే ఇచ్చారు. మీరు చెప్పే ఆ ట్రై తర్వాత దొరికే అదనపు గోలును రిచీ మోఉంగా తన్నలేకపోయాడు, చివర్లో జోర్డీ బారెట్ దూరం నుంచి కొట్టిన పెనాల్టీ పక్కకు పోయింది. ఆ రెండింటిలో ఏ ఒక్కటి పడినా కప్పు మీదే. పద్నాలుగు మంది ఉన్నందువల్ల బంతి పక్కకు పోలేదు.

చంద్రగిరి కోట:
యాభై నిమిషాలు ఒకరి పని కూడా తామే చేసి అలసిన కాళ్లతో తన్నినందువల్ల పోయింది. ఒక్కసారైనా మైదానంలో దిగినవారికి ఇది చెప్పనవసరం లేదు.

పలమనేరు పెద్దన్న:
నేను మైదానంలో దిగానో లేదో మీకెలా తెలుసు? సరే, కప్పులను పక్కన పెట్టి మీ నూరేళ్ల చరిత్రలోకే వస్తాను. 1949లో న్యూజిలాండ్ దక్షిణాఫ్రికాకు వెళ్లి నాలుగు టెస్టులూ ఓడింది. ఆ గడ్డ మీద మొట్టమొదటి సిరీస్ గెలవడానికి 1996 దాకా ఆగవలసి వచ్చింది. మీ శాతాలలో ఇవి కనిపించవు.

చంద్రగిరి కోట:
1949లో వెళ్లినది పూర్తి జట్టు కాదు. దక్షిణాఫ్రికా పాలకులకు గిట్టదని న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీ ఆటగాళ్లను ఇంటి దగ్గరే వదిలి వెళ్లారు. 1928లోనూ అంతే, 1960లోనూ అంతే.

చిత్తూరు మామిడితోట:
మరి ఆ దక్షిణాఫ్రికా జట్టు మాత్రం పూర్తి జట్టా? తెల్లవారు తప్ప మరొకరికి అందులో చోటే లేదు. మీ ఇద్దరి లెక్కా చెల్లదు.

పలమనేరు పెద్దన్న:
చిత్తూరు మిత్రుడి మాట సూటిగా తగిలింది. 1949ను నా లెక్క నుంచి తీసేస్తున్నాను. ఇంత పట్టుదలగా ఎందుకు వాదిస్తున్నానో కూడా చెబుతాను. నలభై ఏళ్ల కిందట జిల్లా కబడ్డీ ఎంపికల్లో గోడకు అంటించిన పన్నెండు మంది జాబితాలో చివరి పేరు నాది. మరుసటి ఉదయం వెళ్లి చూస్తే నా పేరు మీద చిన్న తెల్ల కాగితం అతికించి, దాని మీద వేరే పేరు రాసి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. అంచు కింద నుంచి నా ఇంటిపేరు మొదటి అక్షరం కనబడుతూనే ఉంది. ఎవరినడిగినా సమాధానం చెప్పలేదు. ఆ జట్టు గెలిచిందో ఓడిందో నాకు అనవసరం, అది మా జిల్లా జట్టు కాదు. అదే న్యాయం రగ్బీకీ వర్తిస్తుంది. 1995లో కప్పు గెలిచిన జట్టులో తెల్లవాడు కానివాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. 2019లో మొదటి నల్లజాతి నాయకుడు సియా కొలిసి కప్పు ఎత్తాడు. ఫైనల్‌లో రెండు ట్రైలూ మకజోలే మపింపి, చెస్లిన్ కోల్బే చేశారు. నా దృష్టిలో దక్షిణాఫ్రికా అనే జట్టు అప్పుడు పుట్టింది. నేను గొప్పదంటున్నది ఆ జట్టునే.

చంద్రగిరి కోట:
మైదానంలో దిగడం గురించి నేనన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. అయితే నాది అవతలి ఒడ్డు. కళాశాల వాలీబాల్ జట్టులో నాకు చోటు దొరికితే, మా మేనమామ సిఫారసుతో దొరికిందని అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. ఆయన ఎవరితోనైనా మాట్లాడారేమో నాకు తెలియదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి సాధన చేసినది మాత్రం నేనే. ఎంపిక అన్యాయమైతే ఎంపిక చేసినవారిని నిలదీయాలి గాని, ఆడినవారి చెమటను లెక్కలోంచి కొట్టివేయకూడదు. 1924లో బయలుదేరిన పర్యటనలో న్యూజిలాండ్ ఆడిన 32 ఆటలూ గెలిచింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పాలకులు చేసిన తప్పు వల్ల ఆ గెలుపులు చెరిగిపోవు కదా?

పలమనేరు పెద్దన్న:
చెరిగిపోవు తమ్ముడూ, ఆ 32 మీవే. అయితే వాటిలో ప్రతి ఆటలోనూ దిగినవాడు జార్జ్ నేపియా అనే 19 ఏళ్ల మావోరీ కుర్రవాడు. 1928లో ఓడ దక్షిణాఫ్రికాకు బయలుదేరేనాటికి జాబితాలో అతడి పేరు లేదు. ఆ సిరీస్ 2-2తో ముగిసింది. దాన్ని మీ శాతంలో ఏ గడిలో వేస్తారో చెప్పండి.