ఐ.ఎన్.ఎస్. గోదావరిలో పనిచేసినవాళ్ళు మన సీమలో ఎవరైనా ఉన్నారా?

హంద్రీగట్టు (కర్నూలు)
అందరికీ నమస్కారం. మా నాయన 1981లో చిల్కాలో ట్రైనింగ్‌కు చేరి, నేవీలో పదిహేనేళ్ళు చేసి ఇంటికొచ్చినాడు. పోయిన వారం ఇల్లు సున్నం కొట్టించేటప్పుడు ఆయన ఇనుప పెట్టెలో ఒక గ్రూపు ఫోటో దొరికింది. తెల్ల బట్టల్లో ముప్పై నలభై మంది, వెనకాల బూడిదరంగు ఓడ, పక్కన ఎఫ్20 అని పెద్దగా రాసుంది. ఫోటో వెనక స్టాంపులో సంవత్సరం సగం చెరిగిపోయింది. 86 కావచ్చు, 88 కావచ్చు.

అసలు సంగతి వేరే ఉంది. నా చిన్నప్పుడు ఆయన ఒకటే మాట చెప్పేవాడు: "మాల్దీవుల దగ్గర దొంగల ఓడను పట్టుకున్నాం." ఏం చూసినావు నాయనా అంటే, "నేనేం చూడలేదు" అనేవాడు. దాంతో మా చిన్నాయన ప్రతి పెళ్ళిలో ఆయన్ని ఆటపట్టించేవాడు. కోతలు కోసేవాడికి కనీసం కథన్నా తెలిసుండాలి కదా అని! కొన్నాళ్ళకు నాయన ఆ మాటే ఎత్తడం మానేసినాడు. ఫోటోలో ఉన్న ఓడ గోదావరేనా, ఎక్కడెక్కడ తిరిగింది, తెలిసినవాళ్ళు చెప్పండి.

గుత్తిజంక్షన్
ఎఫ్20 అంటే గోదావరే, అనుమానం లేదు. ముంబై మజగావ్ డాక్‌లో కట్టినారు. 1980 మేలో నీళ్ళలోకి దించినారు, 1983 డిసెంబరు 10న నేవీలో చేరింది. అంతకు ముందు మనవాళ్ళు బ్రిటిష్‌వాళ్ళ లియాండర్ రకం ఓడ డిజైన్ తీసుకుని నీలగిరి మొదలుకొని ఆరు ఫ్రిగేట్లు (మధ్యరకం యుద్ధనౌకలు) కట్టినారు. గోదావరికి వచ్చేసరికి నేవీ సొంత డిజైనర్లే ఓడను సాగదీసి గీసినారు. 113 మీటర్లది 126 మీటర్లు దాటింది. రెండు సీకింగ్ హెలికాప్టర్లు పట్టే షెడ్డు వచ్చింది. క్షిపణులూ ఫిరంగులూ రష్యావి, కింద యంత్రాలు మాత్రం పాత లియాండర్ ఆవిరి ఇంజన్లే. మా మేనమామ మాటల్లో చెప్పాలంటే రష్యా కోడలు, ఇంగ్లీషు అత్త, కాపురం బొంబాయిలో.

పెన్నాతీరం (కడప)
గోదావరి 1971 యుద్ధంలో కూడా ఉంది కదా? వైజాగ్ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగినప్పుడు మా తాత గోదావరి పేరు చెప్పినట్టు గుర్తు.

గుత్తిజంక్షన్
రెండు గోదావరులు ఉన్నాయి బ్రో, కలిపేయొద్దు. మొదటిది బ్రిటిష్‌వాళ్ళ దగ్గర 1953లో తీసుకున్న హంట్ తరగతి డిస్ట్రాయరు. దాని అసలు పేరు బెడేల్. రెండో ప్రపంచయుద్ధంలో పోలండ్ నేవీ దాన్ని శ్లోంజాక్ అనే పేరుతో నడిపింది. మీ తాత చెప్పింది దాని గురించేమో. అన్న ఫోటోలో ఉన్నది రెండోది. 1971లో అది పుట్టనేలేదు.

పెన్నాతీరం (కడప)
ఓహ్, సారీ. మరి మన నది పేరు ఎందుకు పెట్టలేదో! కృష్ణ పేరుతో కూడా ఓడ ఉండేది, పెన్నా పేరుతో లేదు. కర్నూలోళ్ళకైతే కృష్ణ ఉంది కాబట్టి ఫర్లేదు.

తాడిపత్రిమామ
ఆ కృష్ణ కూడా సెకండ్ హ్యాండే అబ్బీ. ఫాక్‌లండ్స్ యుద్ధం చేసొచ్చిన బ్రిటిష్ ఆండ్రోమెడాను 1995లో కొని పేరు మార్చినారు. 2012 దాకా కుర్రోళ్ళకు ట్రైనింగ్ ఇచ్చేదానికి వాడుకున్నారు.

ఆవిరిమనిషి (ప్రొద్దుటూరు)
నాయనా హంద్రీగట్టూ, మీ నాయన ఏ బ్రాంచిలో చేసినారో చెప్పలేదు. ఇంజనీరింగ్ మెకానిక్ అయితే "ఏం చూడలేదు" అన్నది అబద్ధం కాదు. నూటికి నూరుపాళ్ళు నిజం.

నేను 1986 నుంచి ఐ.ఎన్.ఎస్. గంగలో పనిచేసినా. గోదావరికి తోడబుట్టిన ఓడ, కింద అన్నీ అవే. రెండు బాయిలర్లు, రెండు టర్బైన్లు, ముప్పై వేల గుర్రాల బలం. బాయిలర్ రూములో మే నెల కడప ఎండ చల్లగా అనిపిస్తుంది. వాచ్ (డ్యూటీ వంతు) దిగి నిచ్చెన ఎక్కి పైకి వస్తే బనియన్ పిండుకోవాల్సిందే. పైన ఏం జరుగుతోందో మాకు తెలిసేది గంట శబ్దంతో, ఫోన్‌తో, పైనుంచి ఎంత వేగం కావాలో చూపించే టెలిగ్రాఫ్ ముల్లుతో. ముల్లు 'ఫుల్ ఎహెడ్' (పూర్తి వేగంతో ముందుకు) మీద గంటల తరబడి కదలకుండా నిలబడితే ఏదో తరుముతున్నామని అర్థం. అంతే.

ఒక సంగతి చెబుతా. బాగా వేడెక్కిన ఆవిరి లీకైతే కంటికి కనిపించదు. తెల్లగా పొగ వస్తే భయం తక్కువ, అది కొంత చల్లబడిందని అర్థం. కనిపించనిదే మనిషిని కోస్తుంది. అందుకని అనుమానం వచ్చిన పైపు దగ్గర చీపురుకట్ట ముందు పెట్టి మెల్లగా నడిచేవాళ్ళం. పుల్లలు ఊగినా తెగినా లీకు అక్కడే. మా పెట్టీ ఆఫీసర్ ఆ చీపురుకు పసుపు కుంకుమ పెట్టేవాడు, నవ్వులాటకు కాదు.

పెన్నాతీరం (కడప)
పెద్దాయన చెప్పిన చీపురు దగ్గరే ఆగిపోయినా నేను. ఓడలో నీళ్ళ కరువు కూడా ఉండేదంట కదా, నిజమేనా సార్?

ఆవిరిమనిషి (ప్రొద్దుటూరు)
నిజమే. సముద్రం నీళ్ళు మరిగించి మంచినీళ్ళు చేసే యంత్రం ఉంటుంది. అందులో మొదటి వాటా బాయిలరుది, మిగిలితే మనుషులకు. నీళ్ళలో కొంచెం ఉప్పు కలిసినా అది బాయిలర్ గొట్టాలను తినేస్తుంది. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూసేవాళ్ళం. తెల్లగా మసకబారితే ఉప్పు ఉన్నట్టు. సెలవుకు వచ్చినప్పుడు సరదాకు మా ఊరి బోరు నీళ్ళకు అదే పరీక్ష చేసినా. పాలు పోసినట్టు అయింది. మా అమ్మ భయపడి రెండు రోజులు పక్కింటి బావి నీళ్ళు తెచ్చింది.

గుత్తిజంక్షన్
ఇప్పుడు మాల్దీవుల సంగతి. 1988 నవంబరు 3 తెల్లవారుజామున శ్రీలంక నుంచి ప్లాట్ అనే తమిళ సాయుధ గ్రూపు మనుషులు సుమారు 80 మంది మాల్దీవుల రాజధాని మాలే మీద పడినారు. అక్కడి అధ్యక్షుడు గయూమ్ ప్రభుత్వాన్ని కూలదోయడానికి. అదే రాత్రి ఆగ్రా నుంచి మన పారాట్రూపర్లు విమానాల్లో దిగినారు. కొందరు దుండగులు ప్రోగ్రెస్ లైట్ అనే సరుకు ఓడను పట్టుకుని, బందీలతో శ్రీలంక వైపు పారిపోయినారు. బందీల్లో ఒక మంత్రి కూడా ఉన్నాడు. నేవీ విమానాలు దాన్ని వెంబడించి కనిపెట్టుకున్నాయి. తరిమింది గోదావరి, బేత్వా. బేత్వా 1960 నాటి పాత ఫ్రిగేటు. మాటలతో వినలేదు. హెచ్చరికగా కాల్పులు జరిపి, చివరికి 6న లొంగదీసుకున్నారు. బందీల్లో కొందరు మాత్రం బతకలేదు. ఆ ఓడ తర్వాత మునిగిపోయింది. ఆపరేషన్ కాక్టస్ అంటారు దీన్ని.

అంటే హంద్రీగట్టన్నా, మీ నాయన మాట కరెక్టే. కాకపోతే ఆ రోజు ఆయన ఓడలో ఉన్నాడా లేడా అన్నది తేలాలి.

తాడిపత్రిమామ
డిశ్చార్జి పుస్తకం చూడు నాయనా. ఏ ఓడలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని వరసగా రాసుంటుంది. పోగొట్టుకున్నా భయం లేదు. నావికుల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. అర్జీ ఎట్లా పెట్టాలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్తారు. మా బామ్మర్దికి ఇట్లాగే ఒక ఆఫీసులో ఆర్నెల్లు తిప్పినారు. అందుకే జిరాక్సులు ఇచ్చి ఒరిజినల్ ఇంట్లోనే పెట్టుకో.

ఆవిరిమనిషి (ప్రొద్దుటూరు)
గోదావరి ఆ తర్వాత కూడా ఖాళీగా లేదు. 1994 డిసెంబరులో సోమాలియా నుంచి మన సైనికులను వెనక్కి తెచ్చినప్పుడు మా గంగతో పాటు అదీ వెళ్ళింది. నేను అప్పటికి దిగిపోయినా. అప్పట్లో మాకు సెలవంటే దాదర్‌లో మద్రాసు బండి ఎక్కడం. ఆదోని, గుంతకల్లు, తాడిపత్రి, ఎర్రగుంట్ల దాకా దారంతా మనవాళ్ళే దిగేవాళ్ళు. ఆదోనిలో దిగినవాళ్ళలో మీ నాయన ఉన్నాడేమో, ఎవరికి తెలుసు!

హంద్రీగట్టు (కర్నూలు)
దొరికింది!! పుస్తకం పాత గుడ్డ సంచిలో, మా అమ్మ పట్టుచీరల కింద ఉంది. మెకానికల్ బ్రాంచి. గోదావరిలో 1987 మార్చి నుంచి 1990 జనవరి వరకు. ఫోటో 88దే అనుకుంటున్నా.

ఆవిరిమనిషి గారి పోస్టు ఉన్నదున్నట్టు చదివి వినిపించినా. చీపురు మాట రాగానే పడుకున్నాయన లేచి కూర్చున్నాడు. "వీడెవడు? మా వాడేనా?" అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పినాడు. ఆ మూడు రోజులు ముల్లు ఎక్కువగా ఫుల్ మీదే ఉందంట. పైన ఫిరంగి మోగితే కిందికి దెబ్బ తెలిసిందంట, పళ్ళెంలో గ్లాసు ఊగినట్టు. ఎందుకు కాల్చినారో వాచ్ దిగినాక వంటగదిలో తెలిసిందంట. బందీలను ఎక్కించుకుంటున్నప్పుడు ఆయన నిద్రపోతున్నాడు.

చిన్నాయనకు ఫోన్ చేసి పుస్తకంలో ఉన్న తేదీలు చదివినా. "సర్లే, సంక్రాంతికి వస్తా కదా" అన్నాడు. ఆయన నోట్లోంచి ఇంతకంటే రాదు.

గుత్తిజంక్షన్
సూపర్ అన్నా. గోదావరిని 2015 డిసెంబరు 23న ముంబైలో విరమింపజేసినారు, 32 ఏళ్ళకు. ఇది కూడా నాయనకు చెప్పు.

హంద్రీగట్టు (కర్నూలు)
చెప్పినా. కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "బాయిలర్లు ఏం చేసినారంట?" అని అడిగినాడు. పెద్దాయన ఆవిరిమనిషి గారూ, మీకు వీలైతే మీ నంబరు నాకు మెసేజ్ పెట్టండి. మా నాయన మీతోనే మాట్లాడతాడంట.