'చెల్లియొ'నా, 'చెల్లియో'నా? ప్లేటు మీద దీర్ఘమే వినిపిస్తోంది

గోదారి గట్టు: తాతగారింటి అటక మీద గ్రామఫోను దొరికింది. హెచ్.ఎం.వి. 101, నల్ల పెట్టె. కీ తిరుగుతోంది కానీ ప్లేటు కదల్లేదు. స్ప్రింగు డబ్బా విప్పి, తారులా గట్టిపడిన గ్రీజంతా కిరసనాయిలుతో కడిగి, కొత్తగా గ్రాఫైటు గ్రీజు పెట్టాక దారికొచ్చింది. అసలు సంగతేమిటంటే, ఉన్న ప్లేట్లలో ఒకదాని లేబుల్ పూర్తిగా చెరిగిపోయింది. పాడినదెవరో తెలియదు. పద్యం మాత్రం తిరుపతి వేంకట కవుల నాటకంలో, కౌరవసభకు రాయబారానికొచ్చిన కృష్ణుడిది. మొదటి మాట 'చెల్లియో చెల్లకో' అని రెండూ దీర్ఘాలుగా వినిపిస్తోంది. మా నాన్న మాత్రం 'చెల్లియొ' అనేవారు. ఏది సరి? నాలుగు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది.

గణాల గణపతి: ఉత్పలమాల కదండీ. పాదం మొదట భ, ర గణాలు రావాలి. 'చెల్లియొ' భగణం (గురువు, రెండు లఘువులు), 'చెల్లకో' రగణం (గురువు, లఘువు, గురువు). మొదటిదానికీ దీర్ఘమిస్తే రెండు రగణాలు వరసన పడి పద్యం గుమ్మంలోనే బోర్లా పడుతుంది. మీ నాన్నగారిదే సరి. చర్చ సమాప్తం.

పరిషత్తు పిచ్చి: సమాప్తం ఎక్కడండీ? అచ్చులో హ్రస్వం వేరు, స్టేజీ మీద హ్రస్వం వేరు. నాటకాల్లో పీసపాటి వారు వేసిన కృష్ణుణ్ణి చూసినవాళ్లను అడగండి. ఆయన గొంతెత్తితే ఏ అక్షరం ఎంతసేపు నిలబడాలో గణాలు చెప్పవు, జనం చెబుతారు. 'యొ' మీద రాగం నిలిపితే అది దీర్ఘం కాదు, పాటలో వేసే సంగతి, రాగంలో ఒక మలుపు.

గణాల గణపతి: స్టేజీ మాట ఒప్పుకుంటా. మరి ప్లేటు మీద అంత చోటెక్కడిది? పది అంగుళాల ప్లేటు, వైపుకి మూడు నిమిషాలు. ఒన్స్ మోర్లతో సాగే పద్యాన్ని అందులో కుదించాలి. అలాంటప్పుడు ఎవరైనా రాగం తగ్గించుకుంటారు కానీ మొదటి మాట దగ్గరే ఖర్చు పెట్టేస్తారా? ఆ గాయకుడికి పాఠమే అలా వచ్చి ఉంటుంది.

పాత రేడియో: మీరిద్దరూ కొట్టుకునే ముందు ఆ మిషను సంగతి తేల్చండి. స్పీడు చూశారా? అది 78 చుట్లు తిరగాల్సిన ప్లేటు. 70 తిరిగితే ఏ హ్రస్వమైనా దీర్ఘమే.

గణాల గణపతి: అప్పుడు అన్ని అక్షరాలూ సాగాలి, శ్రుతి కూడా దిగాలి. ఒక్క 'యొ' మీదే ఎందుకండీ కక్ష?

పాత రేడియో: ఒక్కదాని మీదా ఉండొచ్చు. స్ప్రింగు పొరలు అతుక్కుని ఉంటే బలం సమంగా రాదు, కాసేపు బిగబట్టి ఒక్కసారిగా జారుతుంది. వేగాన్ని అదుపు చేసే గవర్నరుకు మూడు బరువులుంటాయి, వాటిలో ఒకటి వదులైనా తేడానే. సూది కదలికను శబ్దంగా మార్చే సౌండు బాక్సులో రబ్బరు మార్చారా?

గోదారి గట్టు: ప్లేటు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, వాచీ చూస్తూ లెక్కపెట్టాను. అర నిమిషానికి 39. అదురూ లేదు. రబ్బరు మాత్రం మార్చలేదు, గోటితో నొక్కితే పెంకులా ఉంది. 'సైచిరందఱున్' (అందరూ ఓర్చుకున్నారు) దగ్గర 'స' మొత్తం తినేస్తోంది, 'హైచిరి' అన్నట్టుంది.

పాత రేడియో: అదీ సంగతి. అభ్రకం రేకుకు రెండు పక్కలా మెత్తటి రబ్బరు ఉంటేనే సన్న శబ్దాలు పలుకుతాయి. ముందు అది మార్చండి. సూది ప్రతి వైపుకీ కొత్తది వేయండి. పొదుపు కోసం పాతదే వాడితే ప్లేటు గాడి అరుగుతుంది, పోయిన అక్షరం మళ్లీ రాదు.

పెన్నా తీరం: అభ్రకం అంటే ఆ గనులున్న మా గూడూరు గుర్తొచ్చింది. సరే, ఇంతసేపూ 'యొ' పొడవు కొలుస్తున్నారు, అర్థం ఎవరికీ పట్టలేదు. 'చెల్లియొ' అంటే చేతనయ్యా, తగునని తోచా? 'శక్తి ఉండో లేకో ఊరుకున్నారు' అన్నది ఒక అర్థం. 'తగునని తోచో తగదని తోచో ఓర్చుకున్నారు' అన్నది ఇంకొకటి. మొదటిదైతే పాండవుల పౌరుషాన్ని కృష్ణుడే తక్కువ చేసినట్టు.

పరిషత్తు పిచ్చి: తక్కువ చేయడం కాదండీ, అదే రాయబారం నేర్పు. 'చేతకాక ఊరుకున్నారనే నువ్వనుకో, నాకేం' అని సుయోధనుడికి ఒక మెట్టు వదిలేసి, నాలుగో పాదంలో 'ఎల్లి రణంబె' (రేపు యుద్ధమే) అని తలుపేస్తాడు. మా ఊళ్లో దీన్ని 'ఓ చెల్లీ' అని పిలుపనుకున్న మహానుభావులూ ఉన్నారు.

పెన్నా తీరం: ఆ నేర్పు తిక్కనగారి కృష్ణుడి దగ్గర చూడాలి. 'సారపు ధర్మమున్ విమల సత్యము' అని మొదలుపెడితే సభ మొత్తాన్ని బోనులో నిలబెడతాడు. ఒకరి శక్తి ఊసెత్తడు.

పరిషత్తు పిచ్చి: తిక్కన చదువుకోవడానికి, తిరుపతి వేంకట కవులు ఎలుగెత్తడానికి. రెండు భాషల్లోనూ మేమే కవులమని మీసం పెంచి మరీ చెప్పిన జంట. పొలం గట్టు మీద ఎంతమందికి తిక్కన వస్తాడు?

మెట్ట తామర: ఆ జంటలో ఈ పద్యం ఎవరిది?

పరిషత్తు పిచ్చి: అది అడగకూడదు. 1920లో తిరుపతి శాస్త్రిగారు పోయాక కూడా వేంకట శాస్త్రిగారు జంట పేరే వాడారు. మనమెవరం విడదీయడానికి?

మెట్ట తామర: 'ఎల్లి' ఇప్పుడు ఒంటరిగా ఎవరి నోటా వినం కానీ, 'ఎల్లుండి'లో హాయిగా కూర్చుంది.

పాత రేడియో: మాటల సంగతైతే నాదొకటి. 'ప్లేటు ఫిరాయించాడు' అనేది ఈ ప్లేటు నుంచే వచ్చిందని నా నమ్మకం. ఒక వైపు పాట ఆపి రెండో వైపు వేయడం.

గణాల గణపతి: విస్తరి నుంచి కాదని ఏమిటి నమ్మకం?

పాత రేడియో: భోజనం ప్లేటు తిప్పితే ఏం మారుతుందండీ, కూర ఒలికిపోతుంది. మాట మారడానికి పాటే మారాలి.

గణాల గణపతి: బాగుంది కానీ పాత వాడుక చూపిస్తే నమ్ముతా. పోనీ అదీ ఒక వాదన. మన గోదారి గట్టుగారు రబ్బరు మార్చాక 'యొ'ని మళ్లీ వినమనండి. హ్రస్వం వినిపిస్తే నా గణాలు గెలిచినట్టు.

పరిషత్తు పిచ్చి: దీర్ఘం వినిపిస్తే?

గణాల గణపతి: గాయకుడిదే తప్పు.

గోదారి గట్టు: హైదరాబాదులో ఒకరి దగ్గర రబ్బరు ఉందట, పార్సిలు చెప్పాను. ఈలోగా ప్లేటు రెండో వైపు వేశాను. 'జెండాపై కపిరాజు' వస్తోంది. 'కపిరాజు' తర్వాత మాట మీద ఇంకో అనుమానం.

పెన్నా తీరం: దానికి వేరే పోస్టు పెట్టండి. ఇక్కడ 'చెల్లియొ' అర్థం ఇంకా తేలలేదు.