వియన్నాలో ఒక్క రోజు: అమ్మకి సంగీతం ఎక్కడ వినిపించాలి?

ప్రశ్న: మే నెలలో అమ్మతో వియన్నా వెళ్తున్నాను. ఒక్క రోజే ఉంది. ఆవిడ 30 ఏళ్లు వీణ నేర్పింది, సాయంత్రం మంచి సంగీతం వినిపించాలని ఆశ. పగలు ఏం చూడాలి?

జవాబు: పొద్దున్నే షోన్‌బ్రున్ రాజభవనం తోట చూడండి. తర్వాత యూ4 మెట్రో ఎక్కి కార్ల్స్‌ప్లాట్జ్ స్టేషన్‌లో దిగితే, పాటలతో నడిచే నాటకాలు ఆడే స్టేట్ ఒపెరా దగ్గరే. స్టెఫాన్స్ చర్చి దక్షిణ గోపురానికి 343 మెట్లు, అమ్మగారితో వద్దు.

మరో జవాబు: 1869లో తెరిచిన స్టేట్ ఒపెరాలో నిలబడి వినే టికెట్లు చవక. కిందటేడు నేను అలాగే విన్నాను. నిలబడే చోట ముందున్న కమ్మీకి స్కార్ఫ్ కట్టి చోటు పెట్టుకుంటారు. మైకు లేని ఆ గొంతు పైదాకా వచ్చి తాకితే కళ్లు చెమర్చాయండి! అమ్మగారికి మాత్రం సీటే కొనండి.

అడిగినవారు: సీటే తీసుకుంటానండి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మెట్ల సంగతి చెప్పి మేలు చేశారు.