అంబాసిడర్ వాటర్ పంప్ బోల్ట్ ఒకటి ఊడట్లేదు, విరక్కుండా తీసేదెలా?

బండి 1984 అంబాసిడర్ మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్. పంప్ షాఫ్ట్ దగ్గర నీళ్లు కారుతున్నాయి, ఫ్యాన్ పట్టుకుని ఊపితే లూజు కూడా తెలుస్తోంది, అందుకే పంపే మార్చేద్దామని మొదలుపెట్టా. నీళ్లు దించేసి హోస్‌లు పీకి రేడియేటర్ బయట పెట్టా, అది ఈజీగానే వచ్చింది. బెల్టు, ఫ్యాన్, పుల్లీ కూడా తీసేశా. బ్లాక్‌కి పట్టే నాలుగు బోల్టుల్లో మూడు వచ్చేశాయి, ఎదురుగా నిలబడి చూస్తే కింద ఎడమ పక్కది మాత్రం మొండికేసింది.

తుప్పు వదిలే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేశా, తల మీద సుత్తితో మెల్లగా తట్టా, కాస్త బిగించి మళ్లీ వదులు చేసి చూశా. హాఫ్ ఇంచ్ రింగ్ స్పానరే వాడుతున్నా, తల అరగలేదు. కానీ కొద్దిగా తిరిగాక తీగపాకం సాగినట్టు మెత్తగా అనిపించింది, వదిలేస్తే వెనక్కి వచ్చేస్తోంది, అంటే థ్రెడ్ కదలట్లేదు, బోల్టే మెలి తిరుగుతోంది. అక్కడితో ఆపేశా. తెగితే ముక్క బ్లాక్‌లోనే ఉండిపోతుంది కదా, అదే భయం.

పాత పంప్ బాడీ ఎలాగూ పారేసేదే, అది పగిలినా పర్లేదు. ఇంజిన్ దించే ఉద్దేశం మాత్రం లేదు.

ఈ ఇంజిన్ మీద చేసినవాళ్లు చెప్పండి, గ్యాస్ టార్చ్‌తో బోల్ట్ చుట్టూ వేడి చేసి తిప్పడం మేలా, లేక గ్రైండర్‌తో తల కోసేసి పంప్ లాగేశాక మిగిలిన కాడని వైస్ గ్రిప్‌తో పట్టి తీయడం మేలా?