రెండో సబ్‌వూఫర్ కొనాలా? డల్లాస్‌కు కొత్తగా వచ్చిన కావలి సోదరుని ప్రశ్న, జవాబులు

ప్రశ్న (స్వస్థలం కావలి, ప్రస్తుతం డల్లాస్)

పెద్దలందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ మధ్యనే కుటుంబంతో ఇక్కడికి వచ్చాను. మూడంతస్తుల అపార్ట్‌మెంటులో నడిమి అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. హాలు 20 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు ఉంటుంది. టీవీ పక్కన మూలలో 12 అంగుళాల సబ్‌వూఫర్ (బాస్‌ను, అంటే అట్టడుగు స్వరాలను, పలికే స్పీకరు పెట్టె) పెట్టాను. సోఫా సరిగ్గా హాలు నడుమ ఉంది, దాని వెనుక భోజనాల బల్ల వేశాము. సోఫాలో కూర్చుంటే బాస్ పలుచగా వినిపిస్తోంది, వెనుక గోడ దగ్గర నిలబడితే మాత్రం భరించలేనంత మోత. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన పెద్ద తెర హాలులో ఏ వరుసలో కూర్చున్నా బాస్ ఒకేలా గుండెకు తగిలేది. ఇంట్లో అలా ఎందుకు రావడం లేదో తెలియడం లేదు. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవరు వెనుక రెండు సబ్‌వూఫర్లకు సాకెట్లు ఉన్నాయి కనుక రెండోది కొనమని సహోద్యోగి చెబుతున్నారు. ఒంగోలులో మా అన్నయ్య వద్ద ఇదే మోడల్ వాడకుండా ఉంది. దానిని తెప్పించుకోవచ్చునా? సలహా ఇవ్వగలరు.

జవాబు (స్వస్థలం నెల్లూరు, ప్రస్తుతం హ్యూస్టన్)

తమ్ముడూ, గది కొలతలు రాసి మంచి పని చేశావు. నీ ఇబ్బందికి కారణం ఆ కొలతల్లోనే ఉంది, సబ్‌వూఫరులో లోపమేమీ లేదు. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 1,130 అడుగులు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి, ఆ సంఖ్యతో 1,130ని భాగిస్తే, ఆ గోడల మధ్య నిలిచిపోయే మొదటి అల ఏ ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలు, అంటే ఎన్ని హెర్ట్జ్) దగ్గర ఉంటుందో తెలుస్తుంది. నీ హాలు పొడవుకు అది 28 హెర్ట్జ్, వెడల్పుకు 40 హెర్ట్జ్. ఇలాంటి అలకు రెండు గోడల దగ్గర ఒత్తిడి అత్యధికంగా ఉంటుంది, సరిగ్గా నడుమ దాదాపు శూన్యం అవుతుంది. నీ సోఫా పొడవులో నడుమ ఉంది. వెడల్పులో కూడా నడుమనే ఉంటే, మధ్య సీటులో కూర్చున్నవారికి 28, 40 రెండూ ఒకేసారి అందకుండా పోతాయి. వెనుక గోడ వద్ద నువ్వు విన్న మోత ఆ అలల రెండో ముఖమే.

సినిమా హాలుతో పోల్చావు కాబట్టి అదీ చెబుతాను. వంద అడుగుల పొడవున్న హాలు అనుకుంటే అక్కడి మొదటి అల 6 హెర్ట్జ్ లోపే ఉంటుంది, అది మన చెవికి అందదు. మనకు వినిపించే బాస్ దాకా వచ్చేసరికి ఇలాంటి అలలు ఎన్నో దగ్గరదగ్గరగా కలిసిపోతాయి కనుక ఏ ఒక్కటీ విడిగా పైకి తేలదు. ఇంటి హాలులో అవి దూరదూరంగా ఉండి, ఒక్కొక్కటీ తన ఉనికిని చాటుకుంటుంది. ఇంత చిన్న గదిలో అంత సమమైన బాస్ రావాలంటే శక్తి పెంచడం కన్నా పెట్టె ఎక్కడ ఉంది, మనిషి ఎక్కడ కూర్చున్నాడు అన్నవే ముఖ్యం. వాల్యూము పెంచితే వెనుక గోడ దగ్గర మోత పెరుగుతుంది, నడుమ పలుచదనం అలాగే ఉంటుంది. రిసీవరులో ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే ఈక్వలైజరుతో ఆ గుంటను పూడ్చాలని చూసినా ఆంప్లిఫయరుకు భారమే తప్ప ఫలితం కనిపించదు.

అందుచేత పైసా ఖర్చు పెట్టకముందే రెండు పనులు చెయ్యి. సోఫాను రెండు, రెండున్నర అడుగులు వెనక్కు జరుపు. టీవీ గోడ నుంచి వినే చోటు పన్నెండున్నర అడుగుల దగ్గర ఉంటే 28 హెర్ట్జ్ శూన్యం నుంచి బయటపడతావు. మరీ 15 అడుగుల దాకా పోవద్దు, ఎందుకంటే పొడవుకు రెండో అలకు, అంటే 56 హెర్ట్జ్‌కు, శూన్యం అక్కడ ఎదురవుతుంది. ఇక రెండో పని సబ్‌వూఫరును మూల నుంచి తీసి టీవీ కింద గోడ నడిమికి తేవడం. వెడల్పు నడుమ ఉన్న పెట్టె 40 హెర్ట్జ్ అలను లేపలేదు గనుక సోఫాలో ఈ చివర, ఆ చివర కూర్చున్నవారికి తేడా బాగా తగ్గుతుంది. మూలలో ఉన్నప్పటి బిగువు కొంత తగ్గుతుంది, దానికి వాల్యూము కాస్త పెంచుకోవచ్చు. గది అన్ని వైపులా మూసిన దీర్ఘచతురస్రంలా కాకుండా ఒక పక్క వంటగదిలోకి తెరుచుకుని ఉంటే నా లెక్కలు కొంత జరుగుతాయి. అప్పుడు సబ్‌వూఫరును సోఫా మీద, తల ఉండే చోట పెట్టి, బాస్ బాగా ఉన్న పాటను మళ్లీ మళ్లీ వేసి, గోడల వెంట నేలకు దగ్గరగా, పెట్టె ఉండబోయే ఎత్తులో చెవి పెట్టి విను. ఎక్కడ సమంగా వినిపిస్తుందో అక్కడే పెట్టెను ఉంచాలి. పలికే చోటును, వినే చోటును తారుమారు చేసినా గది ప్రవర్తన మారదు కాబట్టి ఈ పద్ధతి పని చేస్తుంది.

ఇప్పుడు రెండోదాని సంగతి. ఆడియో పరికరాలు తయారు చేసే హర్మాన్ సంస్థలో పరిశోధకుడైన టాడ్ వెల్టి 2002లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ సమావేశంలో ఇదే ప్రశ్న మీద పత్రం సమర్పించారు. దీర్ఘచతురస్రపు గదిలో ఎదురెదురు గోడల నడిమిన ఒక్కొక్కటి చొప్పున పెట్టిన రెండు సబ్‌వూఫర్లు ఎక్కువ సీట్లకు బాస్‌ను సమంగా అందిస్తాయని అందులో తేలింది. పొడవుకు రెండు చివర్ల నుంచి ఒకేసారి పలికే రెండు పెట్టెలు 28 హెర్ట్జ్ అలను చెరొక వైపు నెడతాయి గనుక అది లేవకుండానే అణగిపోతుంది. చాలామంది కొత్త పెట్టె కొని టీవీకి అటూ ఇటూ పెట్టుకుంటారు. అలా పెడితే వెడల్పు అల తగ్గుతుంది, పొడవు అల మాత్రం అలాగే ఉంటుంది. నీ ఇబ్బంది ప్రధానంగా పొడవులోనిది కాబట్టి డబ్బు పోసినా వెనుక గోడ మోత పోదు. రెండింటినీ పక్కపక్కనే పెడితే 6 డెసిబెళ్ల దాకా బిగువు పెరుగుతుంది, కానీ ఎత్తుపల్లాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. నువ్వొక్కడివే రాత్రి పూట కూర్చుని చూసేటట్టయితే ఒక్కటి చాలు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు, పండగకు నాలుగు కుటుంబాలు కూడినప్పుడు అందరికీ ఒకేలా వినిపించాలని కోరుకుంటే, భోజనాల బల్ల వెనుక గోడ నడిమిన పెట్టెకు చోటు, దాని దాకా తీగ లాగే వీలు ఉంటే, రెండోది నిజంగా మేలు చేస్తుంది. ఒక్కొక్క పెట్టె మీద భారం తగ్గి శబ్దం శుభ్రంగా కూడా వస్తుంది. అయినా ఈ లీజు పూర్తయ్యేదాకా కొనవద్దనే అంటాను. కావలిలో మన ఇళ్లకు ఇటుక గోడలు, కాంక్రీటు స్లాబు ఉంటాయి కనుక బాస్ చాలావరకు లోపలే ఉండిపోతుంది. ఇక్కడి అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క చట్రం మీద జిప్సం బోర్డులు బిగించి కట్టినవి, వాటిలో బాస్ కింది ఇంట్లోకీ పై ఇంట్లోకీ దిగిపోతుంది. పెట్టె కింద రబ్బరు దిమ్మలు పెడితే నేల అదురు తగ్గుతుంది గానీ గాలిలో పోయే బాస్ ఆగదు. లీజు కాగితంలో నిశ్శబ్ద వేళల గురించి ఏం రాసి ఉందో ముందు చదువుకో. కింద చిన్నపిల్లలున్న ఇల్లయితే ఒకసారి వెళ్లి పలకరించి రావడం మంచిది.

మరొక జవాబు (స్వస్థలం ఒంగోలు, ప్రస్తుతం చికాగో)

నెల్లూరు అన్నగారు చెప్పినదంతా సమంజసంగా ఉంది. అన్నయ్యగారి పెట్టె విషయం ఒక్కటి నేను చెబుతాను. మన దేశంలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. సబ్‌వూఫరులో ఆంప్లిఫయరు లోపలే ఉంటుంది, కాబట్టి వెనుక పలక మీద 100–240 అని ముద్రించి ఉంటేనే నేరుగా ఇక్కడి ప్లగ్గులో పెట్టవచ్చు. 220–240 అని మాత్రమే ఉంటే ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. పెట్టె బరువు, రవాణా ఖర్చు, దారిలో దెబ్బ తినే అవకాశం కలిపి లెక్క వేస్తే ఇక్కడే వాడిన పెట్టె కొనడం నయం. అన్నయ్యగారిని ఆ పలకను ఫోటో తీసి పంపమనండి.

కొనే రోజు వస్తే ఉన్నదానితో సరిగ్గా సరిపోయే మోడలే తీసుకోండి. పూర్తిగా మూసిన పెట్టెను, గాలి పోయే గొట్టం ఉన్న పెట్టెను కలిపితే అట్టడుగు బాస్‌లో ఒకటి తోస్తుంటే మరొకటి లాగుతుంది. రిసీవరు వెనుక రెండు సాకెట్లు ఉన్నంత మాత్రాన రెండింటికీ దూరం, స్థాయి విడివిడిగా అమర్చే వీలుందని అనుకోకండి. కొన్ని రిసీవర్లలో రెండు సాకెట్ల నుంచీ ఒకే సిగ్నలు వస్తుంది. మాన్యువల్‌లో చూసుకోండి. రెండో పెట్టెను వెనుక గోడ ప్లగ్గులో పెట్టగానే గుయ్‌మనే రొద మొదలైతే ఎర్త్ దారులు రెండు కలిసి లూపు ఏర్పడిందని అర్థం. అన్నింటినీ ఒకే సర్క్యూటు నుంచి నడిపి చూడండి, కేబుల్ టీవీ తీగ ఉంటే దానిని తాత్కాలికంగా విప్పి చూడండి. ప్లగ్గు ఎర్త్ పిన్నును మాత్రం ఎన్నడూ తీసివేయకండి.

సోఫా జరపడానికి ముందు, జరిపిన తరువాత కొలిస్తే ఇంత చర్చ అవసరం ఉండదు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది, దానికి యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు చాలు. సోఫా మూడు సీట్ల దగ్గర, 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా, ఒకే వాల్యూములో కొలిచి మూడు గీతలను ఒకే గ్రాఫులో ఇక్కడ పెట్టండి. 28, 40 దగ్గర ఎంత లోతు పడుతోందో చూసి మిగతాది మాట్లాడుకుందాం.