వోల్వో 240 టర్బోకి ఇంటర్‌కూలర్: హంప్ హోస్ ఎటువైపు వేయాలి?

కారు 1982 వోల్వో 240 టర్బో, బీ21ఈటీ ఇంజిన్, కే-జెట్రానిక్ ఇంజెక్షన్ (గాలిని కొలిచి దానికి తగ్గ పెట్రోల్ చిమ్మే మెకానికల్ సిస్టమ్). కంపెనీ నుంచి ఇంటర్‌కూలర్ (టర్బో కుదించి పంపే వేడి గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటిది) రాలేదు. 0.5 బార్ బూస్ట్ (టర్బో పెంచే గాలి పీడనం) దగ్గర 30 డిగ్రీల గాలి టర్బోలోంచి దాదాపు 85-90 డిగ్రీల వేడితో బయటికొస్తుంది. ఎండాకాలం ఘాట్ ఎక్కేటప్పుడు నాకింగ్ (వేడికి పెట్రోల్-గాలి మిశ్రమం దానంతటదే పేలి ఇంజిన్ టకటకలాడటం) భయం అందుకే. బూస్ట్ పెంచే ఉద్దేశం లేదు, గాలి చల్లబడితే చాలు.

సెకండ్‌హ్యాండ్ ఇంటర్‌కూలర్‌లో పేరుకున్న ఆయిల్‌ని కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాను. పైపులు 50 మి.మీ. అల్యూమినియం, హోస్ జారకుండా చివర్లలో బీడ్ (ఉబ్బెత్తు అంచు) వేయించినవి. హోస్‌లు సిలికాన్, క్లాంపులు టీ-బోల్ట్.

అసలు చిక్కు లీకులతోనే. కే-జెట్రానిక్‌లో గాలిని కొలిచే ప్లేట్ టర్బోకి ముందే ఉంటుంది. కొలిచిన గాలి బూస్ట్‌లో ఎక్కడో జారిపోతే పెట్రోల్ మాత్రం పూర్తిగానే పడుతుంది, పొగ నల్లగా వస్తుంది. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు) అదే సందులోంచి కొలవని గాలి దూరి ఇంజిన్ వణుకుతుంది. అందుకే బిగించాక టర్బో ఇన్లెట్ మూసి, 0.7 బార్ గాలి పట్టి, ప్రతి జాయింట్ మీద సబ్బునీళ్లు చల్లి చూడాలనుకుంటున్నాను. అప్పుడు థ్రాటిల్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని నియంత్రించే మూత) దగ్గర కూడా ప్లగ్ పెట్టాలా? తెరిచిన వాల్వుల గుండా గాలి పోతే లీకు ఎక్కడో తేల్చడం కష్టం కదా.

ఇంజిన్ మౌంట్ల మీద ఊగినప్పుడు హోస్ ఊడకుండా హంప్ హోస్ (మధ్యలో ఉబ్బుగా ఉండి కదలికకి వంగే హోస్) టర్బో వైపు వేయాలా, థ్రాటిల్ వైపా? ఏసీ కండెన్సర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య 20 మి.మీ. సందు ఉంది; గాలి పక్కలనుంచి తప్పించుకోకుండా అంచుల్లో ఫోమ్ పెడితే సరిపోతుందా, రేకు డక్ట్ చేయించాలా? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.